మూడు రాష్ట్రాల ముచ్చటైన దారి

ఉదయం అరకులో కాఫీ, మధ్యాహ్నం ఒడిశాలో భోజనం, రాత్రికి బస్తర్‌లో బస... వీసా అక్కర్లేని సరిహద్దు ప్రయాణం ఇది. కాకపోతే కాస్త ముందుచూపు కావాలి!

కారు ఒక దేశంలో బయల్దేరుతుంది. కొండలెక్కి దిగేసరికి ఇంకో దేశం వచ్చేస్తుంది. రోడ్డు పక్క బోర్డు మీద భాష మారిందంటే సరిహద్దు దాటినట్టే! యూరప్ వెళ్లొచ్చిన మనవాళ్లు మురిసిపోతూ చెప్పే ముచ్చట ఇది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నుంచి ఇటలీలోని బోల్జానో వెళ్లే దారినే తీసుకోండి. మొత్తం 120 కిలోమీటర్లు. మధ్యలో ఆల్ప్స్ కొండల నడుమ బ్రెన్నర్ కనుమ. అక్కడి సరిహద్దు గేట్లను 1998లో ఎత్తేశారు. తమాషా ఏమిటంటే, కనుమ దాటి ఇటలీలోకి దిగాక కూడా ఆ ప్రాంతంలో మూడింట రెండొంతుల మంది మాట్లాడేది జర్మన్ భాషే. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా ఆ లోయలు ఆస్ట్రియావి మరి. గీత జరిగింది కానీ మనుషులు జరగలేదు.

వినడానికి బాగానే ఉంది. అయితే ఆ కొండలు చూడాలంటే ముందు షెంజెన్ వీసా కావాలి. దాని రుసుమే 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి తలకి 90 యూరోలు. విమానం టికెట్లు, అద్దె కారు, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, అక్కడి టోల్ స్టిక్కర్లు... లెక్క వేస్తూ పోతే మధ్యతరగతి ఇంట్లో ఆ కాగితం మడిచి అల్మరాలో పెట్టేయాల్సిందే.

మరి అలాంటి దారి మనకి దగ్గర్లో లేదా? ఉంది. అరకు నుంచి జగదల్‌పూర్. ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, ఒడిశాను అడ్డంగా దాటి, ఛత్తీస్‌గఢ్‌లో తేలే దారి. రెండొందల కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కొండలకి కొండలు, జలపాతాలకి జలపాతాలు. గీత జరిగినా మనుషులు జరగని కథ ఇక్కడా ఉంది. ఇంకా చెప్పాలంటే ఆ కథలో సగం మన తెలుగువాళ్లదే.

బోయిగూడ వైపు గేటు నుంచి

సికింద్రాబాద్ స్టేషన్‌కి రెండు ముఖాలు. ఊరంతా ఎరిగిన ముందు ముఖం ఒకటైతే, పదో నంబరు ప్లాట్‌ఫాం పక్కన బోయిగూడ వైపు తెరుచుకునే ముఖం రెండోది. కోత మిల్లుల రొద, టింబర్ డిపోల ముందు పేర్చిన దుంగలు, రైల్వే క్వార్టర్లు... ఇదీ బోయిగూడ. ఇక్కడి పిల్లలకి అడవి అంటే తెలిసింది కోసిన చెక్క వాసనే. ఆ దుంగలు నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉంటాయో చూపించాలంటే ఈ ప్రయాణం కన్నా మంచి సాకు దొరకదు.

ఇంతకీ ఎలా వెళ్లాలి? మొదటి తగువు ఇక్కడే. సొంత కారా, రైలా?

సొంత కారులో అయితే విజయవాడ మీదుగా విశాఖ చేరడానికే 600 కిలోమీటర్ల పైన. ఒక రోజు పూర్తిగా నున్నటి హైవే మీదే గడిచిపోతుంది. చూడదగ్గ దారి మొదలయ్యేసరికి నడిపేవాళ్ల నడుము పట్టేస్తుంది. రైలైతే రాత్రి ఎక్కి పొద్దున్నే విశాఖలో దిగిపోవచ్చు. 2023 జనవరిలో సికింద్రాబాద్-విశాఖ వందేభారత్ మొదలయ్యాక పగటిపూట వెళ్లే వీలూ కలిగింది. బోయిగూడలో రైల్వే ఉద్యోగుల ఇళ్లు చాలానే ఉన్నాయి కాబట్టి పాసు సంగతి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒక్క మాట. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమయ్యాక కొన్ని రైళ్లను అక్కడికి మార్చారు. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చూసుకోకుండా పెట్టెలు సర్దుకుని నేరుగా పదో నంబరుకి వెళ్లిపోకండి!

విశాఖలో దిగాక ట్యాక్సీ. ఇక్కడ రెండో తగువు. అరకు వెళ్లి రావడానికి ఏ ట్యాక్సీ అయినా సరే. కానీ రాష్ట్రం దాటాలంటే ఆ బండికి అఖిల భారత పర్యాటక పర్మిట్ ఉండాలి. అది లేకపోతే ఒడిశాలోనూ, ఛత్తీస్‌గఢ్‌లోనూ విడివిడిగా పన్ను కట్టాలి. ఆ ఖర్చు ఎవరిదో బేరం కుదిరేటప్పుడే తేల్చుకోవాలి. ‘చూసుకుందాం లెండి సార్’ అన్న మాటకి చెక్‌పోస్టు దగ్గర వేరే అర్థం వస్తుంది. జగదల్‌పూర్‌లో దిగిపోయి ట్యాక్సీని పంపేద్దామనుకున్నా తిరుగు ప్రయాణం డబ్బులు మీ ఖాతాలోనే పడతాయి.

అద్దెకి తీసుకుని మీరే నడుపుకొనే కారైతే దాని నంబరు ప్లేటు నల్లగా ఉండి అక్షరాలు పసుపు రంగులో ఉండాలి. తెల్ల ప్లేటు కారును అద్దెకిస్తామని ఎవరైనా అంటే చౌకగా వస్తోందని ఒప్పుకోవద్దు. తెలియని రాష్ట్రంలో ఇబ్బంది పడేది మీరే. సొంత కారుకి మాత్రం ఏ పర్మిటూ అక్కర్లేదు. ఆర్సీ, లైసెన్సు, బీమా, కాలుష్య ధ్రువపత్రం ఉంటే చాలు.

కారు నడపగలవాళ్లు ఇంట్లో ఇద్దరుంటే సొంత కారే మేలని నా ఓటు. వెళ్లిన దారిన రాకుండా భద్రాచలం మీదుగా చుట్టి రావచ్చు కాబట్టి. ఆ సంగతి చివర్లో. ఒక్కరే నడిపేవాళ్లయితే మొండికి పోకుండా రైలెక్కడమే నయం.

అన్నీ ఒకేసారి దొరకవు

పిల్లలకి దసరా సెలవులిచ్చారు, పోదాం పదండి అని బయల్దేరేముందు ఒక చిక్కు ఉంది. ఈ దారిలో చూడాల్సినవన్నీ ఒకే కాలంలో కనిపించవు.

జగదల్‌పూర్ దగ్గరి చిత్రకోట జలపాతం వర్షాకాలంలో దాదాపు 300 మీటర్ల వెడల్పున గుర్రపు నాడా ఆకారంలో దూకుతుంది. జులై నుంచి అక్టోబరు దాకా దాని దర్జాయే వేరు. వేసవికి నాలుగైదు పాయలుగా చీలిపోయి, ‘దీన్ని చూడ్డానికా ఇంత దూరం?’ అనిపిస్తుంది. జలపాతం కోసం వానల్లో వెళ్దామా అంటే, అక్కడికి దగ్గర్లోనే కాంగేర్ లోయ జాతీయవనంలో ఉన్న కుటుంసర్ గుహని వానాకాలమంతా మూసేస్తారు. గుహలోకి నీళ్లొచ్చేస్తాయి మరి. చలికాలం వస్తేనే తెరుస్తారు. అరకులో వలిసె పూలు కొండల నిండా పసుపు పరిచినట్టు విరబూసేదేమో నవంబరు, డిసెంబరుల్లో. అదే సమయంలో కార్తీక వనభోజనాలు, ఆ తర్వాత సంక్రాంతి... విశాఖ సగం అరకులోనే ఉంటుంది. గది దొరకదు, దొరికినా ధర అందదు.

దసరాకి వెళ్తే జగదల్‌పూర్‌లో బస్తర్ దసరా చూడొచ్చు. అక్కడ దసరా పది రోజుల పండగ కాదు, 75 రోజుల పండగ! రావణ దహనం ఉండదు. దంతేశ్వరి అమ్మవారి పేరిట ఆదివాసీలు చెక్కతో తయారుచేసిన భారీ రథాన్ని తాళ్లతో లాగుతారు. అద్భుతంగా ఉంటుంది. అయితే చివరి పది రోజులూ ఊళ్లో లాడ్జీలు కిటకిటలాడతాయి. నెల ముందే గది ఖాయం చేసుకోకపోతే కారులోనే పడక.

ఇవన్నీ కూడి తీసివేస్తే అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు రెండో వారం దాకా మంచి అదను అనిపిస్తుంది. జలపాతంలో నీళ్లింకా తగ్గవు. పొలాల్లో పచ్చదనం పోదు. వలిసెలు పూత మొదలుపెడతాయి. గుహ తెరిచారా లేదా అన్నది మాత్రం ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇందులోనూ ఓ మెలిక లేకపోలేదు. బంగాళాఖాతంలో తుపాన్లకీ అదే సీజను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని ఏం చేసిందో మరచిపోలేం. తుపాను కబురు ఉందంటే ఘాట్ రోడ్లలో కొండచరియలు జారిపడటం మామూలే. అలాంటప్పుడు టికెట్ల డబ్బులు పోయాయని బాధపడకుండా ఆగిపోవాలి.

పొద్దున్నే అరకు వదిలితే

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ, బొర్రా గుహలు... ఈ దారి గురించి మన ఆదివారం పేజీల్లో రాయనివాళ్లు లేరు కనుక తొందరగా దాటేద్దాం. 2022 ఏప్రిల్ నుంచి ఇదంతా అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నది మాత్రం గుర్తుంచుకోండి, పిల్లలు అడుగుతారు. కారు లేనివాళ్లు ఈ ముక్క వరకూ రైలెక్కడమే అందం. ఇనుప ఖనిజాన్ని బైలడిల్లా గనుల నుంచి విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను ఇది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెను 2017లో ఈ లైను రైలుకి తగిలించారు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు. పెద్దలూ పెడతారు గానీ ఒప్పుకోరు.

అసలు ప్రయాణం రెండో రోజు. అరకులో 7 గంటలకల్లా కారు కదలాలి. ఫోనులో మ్యాప్ ‘ఐదు గంటలు’ అని చూపిస్తే నమ్మొద్దు. మలుపుల్లో గంటకి 30 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. పైగా సిగ్నల్ లేని చోట్లు ఎక్కువ కాబట్టి మ్యాప్‌ని ముందే దించుకుని పెట్టుకోవాలి. ఆగుతూ సాగుతూ వెళ్లడానికి 10 గంటలు పెట్టుకోండి. తూర్పు వైపు ఊళ్లు కదా, నవంబరులో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. చీకటి పడేలోపు జగదల్‌పూర్ చేరాలన్నది ఈ ప్రయాణంలో ఒకే ఒక్క కఠిన నియమం.

అరకు దాటాక ఒడిశాలో మొదటి పెద్ద ఊరు పాడువా. రోడ్డు కొన్ని చోట్ల ఇరుకు. సరిహద్దు ఎక్కడుందో వెతుక్కోకండి, బోర్డులు చదవండి చాలు. గుండ్రటి తెలుగు అక్షరాలు పోయి, గొడుగు పట్టుకున్నట్టుండే ఒడియా అక్షరాలు వస్తాయి. సాయంత్రానికి ఆ గొడుగులు కూడా పోయి, తల మీద గీతతో దేవనాగరి వస్తుంది. ఒక్క రోజులో మూడు లిపులు! చదవడం నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్లకిది మంచి ఆట.

పాడువా నుంచి నందపూర్. ఇప్పుడు చిన్న ఊరే గానీ ఒకప్పుడు రాజధాని. 32 మెట్ల రాతి సింహాసనం శిథిలాలు ఇక్కడున్నాయి. ఆ తర్వాత సెమిలిగూడ. అరకు లైనులోని శిమిలిగూడ స్టేషనూ ఇదీ ఒకటేననుకుని తికమక పడేవాళ్లున్నారు. అది ఆంధ్రలో, ఇది ఒడిశాలో. ఈ చుట్టుపక్కల కొండ వాలులన్నీ చోడి చేలు, వలిసె మళ్లు. ఒడిశాలో ఎత్తైన శిఖరం దేవమాలి ఇక్కడికి దగ్గరే, 1,672 మీటర్లు. పైదాకా వెళ్తే సగం రోజు పోతుంది. ఈసారికి కింది నుంచే దండం పెట్టుకోవడం మంచిది.

కోరాపుట్‌లో మాత్రం ఆగాలి. కొండ మీద జగన్నాథుడి గుడి ఉంది. శబర శ్రీక్షేత్రం అంటారు. పూరీ జగన్నాథుణ్ని మొదట కొలిచింది శబరులేనన్న నమ్మకానికి గుర్తుగా ఆ పేరు. గుడి పక్కనే ఆదివాసీ మ్యూజియం. అక్కడి నుంచి ఘాట్ దిగితే జయపురం. రాజస్థాన్ జైపూర్ కాదు సుమా! భోజనం ఇక్కడే.

బయల్దేరిన రోజు గురువారమైతే ఇంకో దారి ఉంది. పాడువా నుంచి మాచ్‌ఖండ్ వైపు మళ్లి, ఒనకఢిల్లీ, లమ్తాపుట్‌ల మీదుగా జయపురం చేరొచ్చు. మాచ్‌ఖండ్ నది 175 మీటర్ల ఎత్తు నుంచి దూకే డుడుమ జలపాతం ఈ దారిలోనే. ఆ నీళ్లతోనే ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కరెంటు తీస్తాయి కాబట్టి జలపాతంలో ఎంత ధార ఉంటుందన్నది మన అదృష్టం. ఒనకఢిల్లీలో గురువారం సంతకి బోండా ఆదివాసీలు కొండ దిగి వస్తారు. మెడనిండా లోహపు కడియాలు, పూసల దండలతో ఉండే ఆ ఆడవాళ్లని చూడగానే చేతులు ఫోను మీదకి వెళ్తాయి. దయచేసి వద్దు. వాళ్లు సంతకి వచ్చింది ఉప్పూ పప్పూ కొనుక్కోవడానికి. మోండా మార్కెట్‌లో కూరగాయలు కొంటున్న మీ అమ్మనో, అత్తగారినో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు చుట్టుముట్టి ఫొటోలు తీస్తే ఎలా ఉంటుందో ఒక్క క్షణం అనుకుంటే చాలు.

ఒకప్పుడు ఇదంతా విశాఖ జిల్లానే

జయపురంలో టీ కొట్టు దగ్గర తెలుగు వినపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ కోరాపుట్, జయపురం ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. అంటే ఈ రోజు మనం ‘రాష్ట్రం దాటాం’ అనుకుంటున్న చోట తొంభై ఏళ్ల కిందట జిల్లా కూడా మారేది కాదు!

విశాఖలో చదువుకున్నవాళ్లకి జయపురం పేరు ఇంకోలా తెలుసు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైన్స్ కాలేజీకి ఉన్న పూర్తిపేరు జయపూర్ విక్రమదేవ్ కాలేజీ. జె.వి.డి. అన్న మూడు పొడి అక్షరాల వెనక ఉన్నది ఈ ఊరి రాజు విక్రమదేవ వర్మే. 1931 నుంచి 1951 దాకా సంస్థానాధీశుడు. తెలుగులోనూ, ఒడియాలోనూ రాసినవాడు. విశ్వవిద్యాలయానికి భూరి విరాళాలిచ్చి నిలబెట్టినవాడు. మన పిల్లలు డిగ్రీలు పట్టుకున్న కాలేజీ పక్క రాష్ట్రంలోని కొండ రాజ్యం సొమ్ముతో లేచిందన్న సంగతి ఆ కోట గోడల ముందు నిలబడి చెబితే గుర్తుండిపోతుంది.

గీతలు ఎక్కడ గీయాలన్న తగువు మాత్రం ఇంకా పూర్తిగా తీరలేదు. మనం వచ్చిన దారికి తూర్పున, సాలూరుకి ఎగువన కొటియా గ్రామాలని 21 ఊళ్లున్నాయి. మావంటే మావని ఆంధ్ర, ఒడిశా 1968 నుంచీ సుప్రీంకోర్టు మెట్లెక్కుతున్నాయి. యథాతథ స్థితి పాటించమని 2006లో కోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. ఊళ్లు అవే, కొండలు అవే. పథకాలు మాత్రం రెండు ప్రభుత్వాలవి!

జయపురం నుంచి బొరిగుమ్మ మీదుగా కొట్‌పాడ్. ఈ ఊరు నేతకి ప్రసిద్ధి. తొగరు వేరు నుంచి తీసిన రంగుతో నూలుకి ముదురు ఎరుపు, కాఫీ గింజ రంగు అద్దుతారు. 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడి నేతగాడు గోవర్ధన్ పణికా 2018లో పద్మశ్రీ అందుకున్నారు. చీర ఖరీదు చూసి ముందు ఉలిక్కిపడతారు. ఒక్క చీర వెనక వారాల తరబడి రంగు పనీ, మగ్గం పనీ ఉంటుందని తెలిశాక బేరమాడే నోరు రాదు. అంత పెట్టలేనివాళ్లకి తువ్వాళ్లూ, కండువాలూ ఉన్నాయి. కొట్‌పాడ్ దాటాక ఛత్తీస్‌గఢ్.

కాకతీయుల చుట్టాల ఊరు

జగదల్‌పూర్ చేరామంటే బస్తర్ చేరినట్టే. ఓరుగల్లు నుంచి వచ్చినవాళ్లెవరికైనా ఇది చుట్టాల ఊరు. 1323లో ఢిల్లీ సైన్యాలు ఓరుగల్లుని పట్టుకున్నాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఇటు వచ్చి కొత్త రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. అమ్మవారు వెనక వస్తానంది, తిరిగి చూడొద్దంది. గజ్జెల చప్పుడు వింటూ ముందుకు నడిచాడు. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఇసుకలో కూరుకుని గజ్జెలు మోగలేదు. తిరిగి చూశాడు. అమ్మవారు అక్కడే ఆగిపోయింది. అదే దంతెవాడ దంతేశ్వరి ఆలయం. ఇది స్థలపురాణం. చరిత్రకారులు అన్నమదేవుడి వావివరసల మీద ఇంకా వాదించుకుంటారు. కానీ కాకతీయుల కన్నా ముందే, నాగవంశీయుల కాలం నాటి తెలుగు శాసనాలు బారసూరులో దొరికాయి. కాబట్టి తెలుగు ఈ అడవికి కొత్త కాదు.

ఆ వంశానికి చెందిన ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌ని ఆదివాసీలు దేవుడిలా చూసేవారు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనం ఆవరణలో జరిగిన పోలీసు కాల్పుల్లో ఆయన చనిపోయారు. ఆ వంశంలో ఈ తరం వారసుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ 2022 జులైలో కాకతీయ వైభవ సప్తాహానికి వరంగల్ వచ్చినప్పుడు జనం ఎదురేగి స్వాగతం చెప్పారు. ఏడొందల ఏళ్ల తర్వాత పుట్టింటికి వచ్చినట్టన్నమాట.

మూడో రోజు పొద్దున్న చిత్రకోట. ఊరి నుంచి 40 కిలోమీటర్లు. ఇంద్రావతి నది 29 మీటర్ల కిందికి దూకుతుంది. నయాగరాతో పోల్చడం పర్యాటక శాఖలకి అలవాటే గానీ, ఆ పోలిక లేకపోయినా దీని అందానికి లోటేం లేదు. నీళ్లు తగ్గుముఖం పట్టాక జలపాతం పాదాల దాకా పడవలు నడుపుతారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు. మధ్యాహ్నం తీర్థగఢ్. ఇది ఒక్కసారిగా దూకదు, మెట్లు మెట్లుగా జారుతుంది. కిందికి దిగడానికి చాలా మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మని పైనే నీడన కూర్చోబెట్టండి, అక్కడి నుంచీ బాగానే కనిపిస్తుంది.

కుటుంసర్ గుహ తెరిచి ఉంటే మాత్రం వదలొద్దు. గైడు లేకుండా లోపలికి పంపరు. ఇనుప మెట్ల మీదుగా ఇరుకు సందులోకి దిగాలి. లోపల కటిక చీకటి. ఆ చీకట్లో తరతరాలుగా బతికి కళ్లు పనిచేయని చేపలు ఇక్కడి నీటి గుంటల్లో ఉన్నాయి. ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు దిగకపోవడమే మంచిది. ఇంకో రోజు చేతిలో ఉంటే దంతెవాడ వెళ్లి రావచ్చు. మగవాళ్లు పంచె తీసుకెళ్లండి, ప్యాంటుతో గర్భగుడి వైపు వెళ్లనివ్వరు.

భయం ఎంత, జాగ్రత్త ఎంత?

బస్తర్ పేరు చెప్పగానే ఇంట్లో పెద్దవాళ్లు ‘అక్కడికా?’ అంటారు. ఆ మాటలో అర్థముంది. 2013 మే 25న ఇదే జగదల్‌పూర్-సుక్మా రోడ్డులో జీరం లోయ దగ్గర మావోయిస్టులు కాంగ్రెస్ నేతల కాన్వాయ్‌పై దాడి చేశారు. ఆ తర్వాత చాలా మారింది. 2025లో అగ్రనేతలు కొందరు ఎదురుకాల్పుల్లో చనిపోవడం, మరికొందరు లొంగిపోవడంతో పరిస్థితి మునుపటిలా లేదు. చిత్రకోట, తీర్థగఢ్‌లకి కుటుంబాలు మామూలుగానే వెళ్లొస్తున్నాయి. అయినా పగలే తిరగాలి, తారురోడ్డు వదిలి లోపలి ఊళ్లకి అడ్డదారులు పట్టకూడదు, భద్రతా బలగాల క్యాంపుల ఫొటోలు తీయకూడదు. బయల్దేరే ముందు హోటల్లోనో, పోలీస్ స్టేషన్‌లోనో దారి ఎలా ఉందో అడగడంలో నామోషీ లేదు.

నిజానికి సాధారణ కుటుంబానికి అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల నుంచి గంజాయి తరలిపోతుందని అందరికీ తెలుసు. అందుకే బయటి నంబరు ప్లేటున్న కార్లని చెక్‌పోస్టుల్లో దింపి మరీ వెతుకుతారు. సహనంగా సహకరించండి. ‘పక్క ఊళ్లో దింపేయండి’ అంటూ బ్యాగుతో చెయ్యెత్తినవాళ్లని ఎక్కించుకోవద్దు. ‘ఈ చిన్న పార్సిల్ మావాళ్లకి ఇచ్చేయండి’ అన్నా తీసుకోవద్దు. మీ డిక్కీలో దొరికితే అది ఎవరిదో నిరూపించుకునేసరికి ఏళ్లు పడుతుంది. అద్దె ట్యాక్సీలోనైనా డిక్కీ సర్దేది మీ కళ్ల ముందే కావాలి. రాష్ట్రాల మధ్య మద్యం సీసాలు తీసుకెళ్లడం మీద కూడా ఆంక్షలున్నాయి.

ఇక దోమలు. కోరాపుట్, బస్తర్ రెండూ మలేరియా ప్రాంతాలే. నిండు చేతుల చొక్కాలు, దోమల మందు తప్పనిసరి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకి చెప్పండి. అవసరం పడితే కోరాపుట్‌లోనూ, జగదల్‌పూర్‌లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. ఘాట్ రోడ్డులో వాంతుల మాత్రలు, నీళ్లు, కాసిని వేరుశనగ పప్పుండలు కారులో ఉండాలి. పెట్రోలు సాధారణంగా ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో మన దగ్గర కంటే తక్కువ ధరకే వస్తుంది. ట్యాంకు అక్కడ నింపుకుంటే ఆ రోజు టీల ఖర్చు కలిసొస్తుంది!

తిరిగి వచ్చేది ఇంకో దారిన

ట్యాక్సీలో వచ్చినవాళ్లు వచ్చిన దారినే విశాఖ వెళ్లి రైలెక్కాలి. సొంత కారువాళ్లకి ఇక్కడే లాభం. జగదల్‌పూర్ నుంచి 30వ నంబరు జాతీయ రహదారి దక్షిణానికి దిగుతుంది. దర్భా ఘాట్, సుక్మా, దోర్నపాల్, కుంట. అక్కడ ఛత్తీస్‌గఢ్ అయిపోతుంది. శబరి నది ఒడ్డునే సాగి ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు. అక్కడి నుంచి భద్రాచలం. మొత్తం రెండొందల పైచిలుకు కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోపు చేరిపోవచ్చు. జులై, ఆగస్టుల్లో గోదావరి, శబరి పొంగితే చింతూరు-భద్రాచలం రోడ్డు నీట మునుగుతుంది. ఆ నెలల్లో ఈ దారి ఆలోచనే వద్దు.

సరిహద్దుల తమాషా ఇక్కడ ఇంకా ముదురుతుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం ఊరు మాత్రం తెలంగాణకి మిగిలింది. ఊరి పొలిమేరలోని ఎటపాక ఆంధ్ర. అంటే చింతూరు నుంచి వస్తూ ఎటపాక దాటి గుడి వీధిలోకి తిరిగేసరికి నాలుగో రాష్ట్రంలోకి వచ్చేశామన్నమాట!

ఈ ప్రయాణంలో దాటిన నదుల లెక్క పిల్లలచేత మ్యాప్ మీద గీయించండి. బొర్రా గుహల దగ్గర పుట్టే గోస్తని ఒక్కటే తూర్పుకి పోయి భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. ఆ కొండ దాటాక చూసిన నీళ్లన్నీ గోదావరివే. మాచ్‌ఖండ్ కిందికి వచ్చి సీలేరు అవుతుంది, సీలేరు శబరిలో కలుస్తుంది. జయపురం వైపు కోలాబ్ అని పిలిచే నదే కుంట దగ్గర శబరి. అది కూనవరం దగ్గర, అంటే భద్రాచలానికి దిగువన గోదావరిని చేరుతుంది. ఇంద్రావతి మాత్రం ఎగువనే వచ్చి కలుస్తుంది. కాబట్టి చిత్రకోటలో మీ మొహాన తుంపర్లు చల్లిన నీళ్లే మీ కన్నా ఆలస్యంగా, తీరిగ్గా, భద్రాచలం స్నానఘట్టాల మెట్లు తాకుతూ పోతాయి.

రాత్రికి భద్రాచలంలోనే ఆగండి. శని, ఆదివారాల్లో గదులకి గిరాకీ ఎక్కువ. మర్నాడు పొద్దున్న రామయ్య దర్శనం చేసుకుని, టిఫిన్ తిని బయల్దేరితే ఖమ్మం మీదుగా దాదాపు 310 కిలోమీటర్లు. సాయంత్రం ట్రాఫిక్ మొదలయ్యేలోపు బోయిగూడలో ఉండొచ్చు.